పిల్లల గజ్జి, తామర తగ్గినట్టే తగ్గి ఎందుకు తిరగబెడుతున్నాయి?

సంక్షిప్తంగా

దక్షిణ తెలంగాణ జిల్లాల్లో పిల్లలకు తరచుగా వచ్చే చర్మవ్యాధులు గజ్జి, తామర, చీము పొక్కులు, చెమటకాయలు, ముఖం మీద తెల్ల మచ్చలు. వీటిలో దాదాపు అన్నిటికీ తెలిసిన చికిత్స ఉంది, ఖరీదైన పరీక్షలు కూడా అక్కరలేదు. అయినా తిరగబెట్టడానికి ముఖ్యంగా రెండు కారణాలు కనిపిస్తాయి. గజ్జి వచ్చిన పిల్లవాడికి మాత్రమే మందు పూసి, అతనితో కలిసి పడుకునేవారిని వదిలేయడం ఒకటి. ఏ దురదకైనా స్టెరాయిడ్ కలిసిన ట్యూబునే పూయడం మరొకటి. నీటిలోని ఫ్లోరైడ్ గానీ, తిన్న వంకాయ గానీ, ‘చెడు రక్తం’ గానీ ఈ వ్యాధులకు కారణం కావు.

అనుమానం నీటి మీదికే ఎందుకు పోతుంది?

నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు రావడంలో వింత లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో గోధుమరంగు చారల పళ్లను, వంగిన కాళ్లను, బిగుసుకుపోయిన వెన్నెముకలను తరాల పాటు చూసిన జనం పిల్లల ఒంటి మీద పొక్కులు లేచినా బోరు నీళ్లనే అనుమానిస్తారు. అయితే శరీరంలోకి చేరిన ఫ్లోరైడ్ ప్రధానంగా నిలువ ఉండేది ఎముకల్లో, పళ్లలో. వేళ్ల సందుల్లో దురదకు, గుండ్రంగా పాకే మచ్చకు దానితో సంబంధం లేదు. మిషన్ భగీరథ నీరు అందుతున్న ఇళ్లలోనూ గజ్జి అదే తీరున కనబడటానికి కారణం ఇదే. నీరే కారణమైతే ఒకే ట్యాంకు నీళ్లు తాగే వాడకట్టంతా ఒకేసారి గోక్కోవాలి. గజ్జి అలా వ్యాపించదు. ఒకే చాప మీద, ఒకే చెద్దరు కింద పడుకునేవారిలో ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది.

తిండి మీద పడే నింద కూడా ఇలాంటిదే. వంకాయ, గోంగూర, చేపలు, గుడ్డు మానిపించడం ఇళ్లలో మామూలు. ఆహారం పడక వచ్చే దద్దుర్లు సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో లేస్తాయి, ఒక్కొక్క దద్దురు ఒక రోజులోపే మాయమవుతుంది. వారాల తరబడి ఉండి, రాత్రి వేళ ఎక్కువయ్యే దురద ఆ కోవలోకి రాదు. పెరిగే వయసులో గుడ్డు, చేప మానిపిస్తే గజ్జి తగ్గదు సరికదా, పిల్లవాడికి అందాల్సిన మాంసకృత్తులు అందకుండా పోతాయి.

నీటికి ఈ వ్యవహారంలో అసలే పాత్ర లేదని కాదు. ఎండాకాలంలో నీటి కొరత వల్ల స్నానాలు, బట్టల ఉతుకు తగ్గినప్పుడు గోకిన చోట చీము పట్టడం పెరుగుతుంది. సబ్బు నురగ రాని కఠినమైన బోరు నీళ్లు, దానికి తోడు ఎక్కువ సబ్బు, పొడి చర్మం ఉన్న పిల్లల్లో దురదను పెంచుతాయి. అంటే నీరు వ్యాధిని పుట్టించకపోయినా ఉన్న వ్యాధిని ముదరనిస్తుంది.

గజ్జి: పైకి కనబడని నెలన్నర

ఇళ్లలో, హాస్టళ్లలో కలిగే గందరగోళంలో అధిక భాగం గజ్జి పురుగు జీవితచక్రం తెలియకపోవడం వల్లనే. పురుగు అంటున్నా ఇది సాలీడు జాతికి దగ్గరి, ఎనిమిది కాళ్ల సూక్ష్మజీవి. ఆడ పురుగు పొడవు సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. చర్మం పైపొరలో సొరంగం తొలుచుకుంటూ పోయి రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది, నెల నుంచి రెండు నెలలు బతుకుతుంది. గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి, పిల్ల పురుగులు సుమారు రెండు వారాల్లో పెద్దవవుతాయి. ఒళ్లంతా పొక్కులతో నిండిన పిల్లవాడి మీద కూడా సాధారణంగా ఉండేది పది పదిహేను పురుగులే. మిగతా పొక్కులన్నీ పురుగుకు, దాని గుడ్లకు, విసర్జనకు శరీరం చూపే ప్రతిచర్య.

ఆ ప్రతిచర్య మొదలవడానికి సమయం పడుతుంది. మొదటిసారి గజ్జి సోకినవారికి దురద వెంటనే రాదు, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత మొదలవుతుంది. ఈ నెలన్నరలో ఆ మనిషికి ఏ బాధా ఉండదు, ఒంటి మీద మచ్చ ఉండదు, కానీ ఇతరులకు అంటించగలడు. ఇంతకు ముందు ఒకసారి గజ్జి వచ్చి తగ్గినవారికి మళ్లీ సోకితే మాత్రం ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద మొదలవుతుంది, ఎందుకంటే శరీరం ఆ పురుగును అప్పటికే గుర్తుపట్టి ఉంటుంది.

ఐదుగురున్న ఇంట్లో ఇది ఎలా నడుస్తుందో చూస్తే సంగతి తేలిపోతుంది. పెద్ద పిల్లకు దురద మొదలై దవాఖానకు తీసుకుపోతారు. ట్యూబు ఇస్తారు, పూస్తారు, పురుగులు చస్తాయి. పక్కనే పడుకునే తమ్ముడికి అప్పటికే సోకి ఉంటుంది, కానీ అతనికి దురద లేదు కాబట్టి ఎవరూ మందు పూయరు. రెండు వారాలకు తమ్ముడి నుంచి పురుగు తిరిగి అక్కకు చేరుతుంది. ఈసారి అక్కకు రెండు మూడు రోజుల్లోనే దురద వస్తుంది. ఇంట్లోవారు సహజంగానే ‘మందు పని చేయలేదు’ అనుకుని డాక్టరును మారుస్తారు, లేదా మెడికల్ షాపులో ‘ఇంకా పవర్ ఉన్నది’ అడుగుతారు. నిజానికి మందు తన పని తాను చేసింది.

పాలమూరు పల్లెల్లో గొర్ల కాపరులకు ఈ లెక్క కొత్త కాదు. మందలో ఒక్క గొర్రెకు గజ్జి కనబడితే మంద మొత్తానికి మందు పట్టిస్తారు తప్ప ఆ ఒక్కదానికే పట్టించి ఊరుకోరు. ఇంట్లో పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి పాటించకపోవడానికి ఒక కారణం సిగ్గు. గజ్జి అంటే మురికి అనే భావన వల్ల దురద లేని పెద్దలు మందు పూసుకోవడానికి ఒప్పుకోరు. పురుగు ఉండేది చర్మం లోపల కాబట్టి రోజూ స్నానం చేసేవారికీ గజ్జి వస్తుంది, ఎంత రుద్ది కడిగినా పోదు. అది అంటడానికి కావలసింది కొద్ది నిమిషాల పాటు చర్మానికి చర్మం తగలడం. సాధారణంగా పది పదిహేను నిమిషాలు అవసరమని లెక్క, అందుకే బడి బెంచీ కంటే రాత్రి పడక ఎక్కువ ప్రమాదకరం.

దీన్ని గుర్తుపట్టడానికి సూక్ష్మదర్శిని లేకపోయినా పని జరుగుతుంది. వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుము, మర్మావయవాల దగ్గర పొక్కులు ఉండటం, జిల రాత్రి పూట పెరగడం, ఇంట్లో ఇంకొకరికి కూడా దురద ఉండటం, ఈ మూడూ కలిస్తే గజ్జి అనుకోవచ్చు. ఏడాది లోపు పిల్లల్లో మాత్రం అరచేతులు, అరికాళ్లు, తల, ముఖం మీద కూడా వస్తుంది కాబట్టి తల్లులు పొరబడే అవకాశం ఎక్కువ.

పూసే పద్ధతిలో తేడా

పెర్మెత్రిన్ 5 శాతం క్రీము రెండు నెలలు దాటిన పిల్లలకు వాడదగినది. దురద ఉన్న చోటే పూస్తే ఫలితం రాదు. మెడ నుంచి అరికాలి దాకా, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, బొడ్డులో, పిరుదుల మధ్య సైతం పూసి, రాత్రంతా ఉంచి, ఎనిమిది నుంచి పద్నాలుగు గంటల తర్వాత కడిగేయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు కళ్లు, నోరు తప్పించి తలకు, ముఖానికి కూడా పూయవలసి ఉంటుంది. ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి. వారం రెండు వారాల మధ్య మళ్లీ ఒకసారి పూయాలి, ఎందుకంటే మొదటిసారి తప్పించుకున్న గుడ్ల నుంచి వచ్చినవి ఆ లోపల బయటపడి ఉంటాయి. రెండు నెలలు నిండని పసికందులకు, గర్భిణులకు గంధకం లేపనం పాతకాలం నుంచీ ఉన్న మార్గం. దాన్ని కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి.

మింగే ఐవర్‌మెక్టిన్ కూడా బాగా పనిచేస్తుంది. కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల చొప్పున ఒకటి రెండు వారాల ఎడంతో రెండు మోతాదులు ఇస్తారు. 15 కిలోల కంటే తక్కువ బరువున్న పిల్లలకు, గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు.

ఇల్లాళ్లను ఎక్కువగా హడలగొట్టేది బట్టల సంగతి. మనిషి ఒంటిని వదిలిన గజ్జి పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. కాబట్టి గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తే సరిపోతుంది. ఉతకడానికి వీలుకాని బొంతను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి కనీసం మూడు రోజులు పక్కన పెడితే చాలు. ఇల్లంతా పురుగుల మందు కొట్టడం అనవసరం, పైగా ప్రమాదం. పత్తి చేనుకు వాడగా మిగిలిన మందును నీళ్లలో కలిపి పిల్లల ఒంటికి పూయడం విషప్రయోగంతో సమానం.

చికిత్స సరిగా జరిగినా దురద రెండు నుంచి నాలుగు వారాల దాకా సాగుతుంది, చచ్చిన పురుగుల అవశేషాలు చర్మంలో ఉన్నంత కాలం శరీరం ప్రతిస్పందిస్తూనే ఉంటుంది. ఈ మాట ముందే చెప్పకపోతే కుటుంబం మళ్లీ మళ్లీ అదే మందు పూస్తుంది, దానితో చర్మం మండి ఇంకా దురద పెడుతుంది.

హాస్టలు, ఇల్లు, వలస గుడిసె

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల్లో చాలా మంది పిల్లలకు ఏడాది పొడవునా ఒకే పడక ఉండదు. గురుకులంలోనో, కస్తూర్బా విద్యాలయంలోనో, సంక్షేమ హాస్టల్లోనో కొన్ని నెలలు, సెలవుల్లో తాత ఇంట్లో కొన్ని రోజులు, తల్లిదండ్రులు హైదరాబాద్, పుణె, ముంబయి నగరాల్లో కూలికి పోయి ఉంటే అక్కడి రేకుల గుడిసెలో కొన్ని వారాలు గడుస్తాయి. మూడు చోట్లా ఇరుకే. గజ్జికి ఇంతకంటే అనుకూలమైన ఏర్పాటు ఉండదు, ఎందుకంటే ఒక చోట వదిలించుకున్నది ఇంకో చోట తిరిగి అంటుతుంది.

నెలన్నర లెక్కను సెలవుల క్యాలెండరు మీద పెడితే ఒక క్రమం కనబడుతుంది. దసరా సెలవులకు ఇంటికి పోయి అంటించుకున్న పిల్లవాడికి దురద మొదలయ్యేది నవంబరు రెండో సగంలో. సరిగ్గా అప్పటికి చలి మొదలై హాస్టల్లో ఇద్దరు ముగ్గురు ఒకే దుప్పట్లోకి చేరతారు. సంక్రాంతికి అంటినది ఫిబ్రవరి చివరికి, అంటే పరీక్షల ముందుకు వస్తుంది. దురద కనబడిన రోజున హాస్టల్లో వాతావరణాన్నో, అన్నాన్నో తప్పుపడతారు గానీ అంటిన తేదీ ఆరు వారాల వెనక ఉంటుంది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల్లో ఏడాదికోసారి పిల్లలను పరీక్షించే ఏర్పాటు ఉంది. గుర్తించవలసిన వ్యాధుల జాబితాలో గజ్జి, ఫంగస్, ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే వ్యాధి) స్పష్టంగా ఉన్నాయి. గుండె జబ్బు, వినికిడి లోపం వంటి వాటికి ఏడాదికొక పరీక్ష ఉపయోగపడుతుంది. ఆరు వారాలు దాక్కుని రెండు వారాల్లో తరం మారే పురుగుకు ఆ వ్యవధి చాలదు.

ఇలాంటి సామూహిక నివాసాలలో అందరికీ ఒకేసారి మందు ఇస్తే ఏమవుతుందనే దానికి ఫిజీ దీవుల్లో జరిగిన పరీక్ష మంచి ఆధారం. 2015లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, సమాజం మొత్తానికి ఐవర్‌మెక్టిన్ ఇచ్చిన చోట ఏడాది తర్వాత గజ్జి 94 శాతం తగ్గింది. అందరికీ పెర్మెత్రిన్ పూసిన చోట 62 శాతం, వ్యాధి ఉన్నవారికీ వారి దగ్గరివారికీ మాత్రమే చికిత్స చేసిన చోట 49 శాతం తగ్గింది. మాత్రకూ పూతకూ తేడా మందు బలంలో మాత్రమే లేదు. మింగే మాత్రను ఎదుట నిలబడి మింగించవచ్చు, పూసే మందును అరికాలి దాకా పూశారో లేదో ఎవరూ చూడరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2019లో ఐవర్‌మెక్టిన్‌ను గజ్జికి అత్యావశ్యక ఔషధంగా గుర్తించింది.

ఏ దురదకైనా ఒకే ట్యూబు

రెండో కారణం మెడికల్ షాపు కౌంటరు దగ్గర మొదలవుతుంది. ఊళ్లో ఆర్ఎంపీ గానీ, షాపులో కూర్చున్న మనిషి గానీ ‘దురద’ అనగానే ఇచ్చే ట్యూబులో సాధారణంగా మూడు మందులు కలిసి ఉంటాయి: ఒక స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు. స్టెరాయిడ్ చాలాసార్లు క్లోబెటసాల్, బెటామెథసోన్ వంటి బలమైనది. మూడింటిలో ఏదో ఒకటి తగలకపోదనే ఆశతో చేసిన కలయిక ఇది.

స్టెరాయిడ్ చేసే పని వాపును, ఎరుపును, దురదను అణచడం. చర్మంలోని రక్తనాళాలను కుదించి, అక్కడికి చేరే రక్షణ కణాలను నెమ్మదింపజేస్తుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, అందుకే ఆ ట్యూబుకు అంత మంచి పేరు. అయితే గజ్జి పురుగు మీద గానీ, తామరకు కారణమైన ఫంగస్ మీద గానీ అది పనిచేయదు. వాటిని అదుపు చేయడానికి శరీరం చేసే ప్రయత్నమే ఎరుపు, వాపు. ఆ ప్రయత్నం ఆగితే అవి నిశ్చింతగా పెరుగుతాయి. ట్యూబు ఆపగానే దురద మునుపటి కంటే ఎక్కువగా తిరిగి వస్తుంది, కుటుంబం ఇంకో ట్యూబు కొంటుంది. అదే సమయంలో గుండ్రటి అంచు చెరిగిపోయి, పొక్కుల రూపం మారిపోయి, ఆఖరుకు చర్మవైద్యుడి దగ్గరికి చేరినా అది తామరో, గజ్జో, మరొకటో చూసి చెప్పడం కష్టమవుతుంది.

పిల్లల్లో నష్టం పెద్దల కంటే ఎక్కువ. వారి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి పూసిన మందు పెద్దల్లో కంటే ఎక్కువగా రక్తంలోకి పోతుంది. చర్మం పలచబడటం, తొడల సందుల్లో చారలు పడటం, పూసిన మేర తెల్లబారడం, ముఖం మీద సన్నని ఎర్ర నరాలు తేలడం దీర్ఘకాలం వాడినప్పుడు కనిపిస్తాయి. పసిపిల్లల్లో, ముఖ్యంగా డైపర్ కింద బిగుతుగా ఉన్న చోట నెలల తరబడి పూస్తే శరీరం సొంతంగా తయారుచేసుకునే హార్మోను తగ్గిపోయి, ముఖం ఉబ్బడం, ఎత్తు పెరగడం మందగించడం వంటివి కూడా సంభవిస్తాయి.

స్టెరాయిడ్ పూత మందులు చెడ్డవని దీని అర్థం కాదు. ఎగ్జిమా ఉన్న పిల్లలకు అవే ప్రధాన చికిత్స, తగిన బలంతో, తగిన రోజులు వాడితే సురక్షితం కూడా. ఇబ్బంది రోగనిర్ధారణ లేకుండా వాడటంలో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమ మందుల్లో ఇలాంటి కొన్ని క్రీములు కూడా ఉన్నాయి. నియమం కాగితం మీద గట్టిగానే ఉంది. కానీ చర్మవైద్యుడి కోసం మండల కేంద్రం దాటి జిల్లా కేంద్రానికి పోవాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోతాయి. ఊరి షాపులో అయిదు నిమిషాల పని. ఈ లెక్క మారనంత కాలం అమ్మేవారిని మాత్రమే తప్పుపట్టడం సగం నిజం.

తామర మొండికేసిన వైనం

ఒకప్పుడు తామర నాలుగు వారాల పూత మందుతో తగ్గేది. గత పదేళ్లకు పైగా దేశమంతటా చర్మవైద్యులు చూస్తున్నది వేరు. మచ్చలు పెద్దవి, అనేక చోట్ల ఒకేసారి, ఇంటిల్లిపాదికీ, మామూలు మందుకు లొంగనివి. దీని వెనక ఉన్న ఫంగస్‌ను 2020లో ‘ట్రైకోఫైటాన్ ఇండోటినియే’ అనే ప్రత్యేక జాతిగా వర్ణించారు. విస్తృతంగా వాడే టెర్బినఫిన్ మందు ఫంగస్‌లోని ఒక ఎంజైమును అడ్డుకుని పనిచేస్తుంది. ఈ జాతిలో చాలా వాటికి ఆ ఎంజైమును తయారుచేసే జన్యువులోనే మార్పు వచ్చింది, మందు అతుక్కోవలసిన చోటు మారిపోయింది. స్టెరాయిడ్ మిశ్రమాల విచ్చలవిడి వాడకం ఈ వ్యాప్తికి దోహదం చేసిందని నిపుణులు బలంగా భావిస్తున్నారు. పెద్దలకు వచ్చినదే చంకనెత్తుకున్న పిల్లలకు అంటుతుంది కాబట్టి, చంటి పిల్లల్లో తామర కనబడితే ముందు తల్లి నడుమును, తండ్రి తొడలను చూడవలసి వస్తోంది. ఇక్కడ కూడా చికిత్స ఇంటికి జరగాలి.

తల మీది తామర దాదాపుగా పిల్లల వ్యాధే. పొట్టు రాలుతూ, వెంట్రుకలు కుదుళ్ల దగ్గర విరిగి నల్ల చుక్కల్లా కనబడతాయి. పేనుకొరుకుడులో చర్మం నున్నగా ఉంటుంది, పొట్టు ఉండదు. ఇళ్లలో రెంటినీ ఒకటే అనుకుని నల్లజీడి రసం పూయడం వల్ల చర్మం కాలి బొబ్బలెక్కిన సందర్భాలు ఉంటాయి. ఫంగస్ వెంట్రుక కుదురు లోపల ఉంటుంది కనుక ఎంత మంచి పూత మందైనా ఒక్కటే సరిపోదు, గ్రైసియోఫుల్విన్ వంటి మాత్రలు ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడాలి. ఆ మాత్ర పాలతోనో, నూనె ఉన్న భోజనంతోనో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. కొందరిలో తల మీద మెత్తగా ఉబ్బి చీము కారుతుంది. అది సెగ్గడ్డలా కనబడినా కోయవలసిన అవసరం లేదు. హాస్టళ్లలో ఒకే మిషనుతో, ఒకే దువ్వెనతో వరుసగా అందరికీ జుట్టు తీయడం దీని వ్యాప్తికి సులువైన దారి.

గజ్జి కానివి

ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండ 45 డిగ్రీలను తాకే రోజుల్లో పసిపిల్లల మెడ, వీపు, నుదురు మీద వచ్చే ఎర్రటి సన్నని పొక్కులు చెమటకాయలు. చెమట నాళం మూసుకుపోయి చెమట చర్మంలోనే ఇంకడం వల్ల వస్తాయి. గాలి, పలుచని నూలు బట్ట, చల్లని నీళ్ల స్నానం చాలు. మందంగా పౌడరు, నూనె పట్టించడం నాళాలను ఇంకా మూసివేస్తుంది.

వానాకాలం తర్వాత, ముఖ్యంగా సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో ఉదయం లేచేసరికి మెడ మీదనో చెంప మీదనో గీత గీసినట్టు కాలిన మచ్చ కనబడుతుంది. సర్పి అని, సాలీడు పోసిందని, దిష్టి అని రకరకాలుగా అనుకుంటారు. చాలాసార్లు ఇది వరి పొలాల తడిలో పెరిగి రాత్రి ట్యూబులైటు వెలుగుకు వచ్చే ఎరుపు నలుపు రంగుల సన్నని పురుగు పని. ఆ పురుగు కుట్టదు, కరవదు. నిద్రలో చేత్తో నలిపినప్పుడు దాని ఒంట్లోని ద్రవం చర్మాన్ని కాలుస్తుంది. వెంటనే సబ్బుతో కడిగితే మంట తగ్గుతుంది. నలపకుండా ఊది పంపడమే నివారణ.

బడి పిల్లల చెంపల మీద మసకగా, కాస్త పొట్టుతో కనబడే తెల్ల మచ్చలను శోభి అంటారు, కాల్షియం లోపమని, కడుపులో నులిపురుగులని చెబుతారు. రెండూ కావు. పొడిబారిన చర్మంలో స్వల్ప వాపు వచ్చి రంగు తగ్గడమే. కొబ్బరినూనె గానీ, మామూలు మాయిశ్చరైజరు గానీ రాస్తూ ఉంటే నెలల మీద సర్దుకుంటుంది. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడుల్లో ఇచ్చే అల్బెండజోల్ నులిపురుగులకు మంచిదే, ఈ మచ్చలకు సంబంధం లేదు. పాలలా తెల్లగా, అంచు స్పష్టంగా ఉంటే బొల్లిని అనుమానించాలి. రంగు తగ్గిన మచ్చ మీద దూదితో తాకినా తెలియకపోతే కుష్ఠు పరీక్ష చేయించాలి. దాని మందులు ప్రభుత్వ దవాఖానల్లో ఉచితం, తొలి దశలో వాడితే వైకల్యం రాదు.

జ్వరంతో పాటు వచ్చే పొక్కులు, అంటే ఆటలమ్మ, తట్టు, నోట్లో పుండ్లతో చేతులు కాళ్లకు వచ్చే బొబ్బలు, వేరే దారి. వాటికి ఏ స్టెరాయిడ్ ట్యూబూ తాకించకూడదు.

చీము పట్టిన తర్వాత

గజ్జిని, దోమకాటును, పేలను చిన్న విషయంగా వదిలేయకూడదనడానికి ప్రధాన కారణం గోకిన గాయం. గోళ్ల ద్వారా స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా లోపలికి పోయి, తేనె రంగు పక్కు కట్టిన పుండ్లు లేస్తాయి. తక్కువ ఉన్నప్పుడు పక్కును గోరువెచ్చని నీటితో నానబెట్టి తీసి, యాంటీబయాటిక్ పూస్తే సరిపోతుంది. ఎక్కువ చోట్ల ఉంటే, జ్వరం వస్తే నోటి మందు కావాలి. పేలు పట్టిన తలలో ఇవే పుండ్లు లేచి, మెడ వెనక గడ్డలు తేలుతాయి. చాలామంది తల్లులు ఆ గడ్డను చూసి భయపడతారు గానీ దాని మూలం జడలో ఉంటుంది.

కొన్ని రకాల స్ట్రెప్టోకాకస్ చర్మం మీద పుండు లేచిన సుమారు మూడు వారాలకు మూత్రపిండాల మీద ప్రభావం చూపుతుంది. బ్యాక్టీరియా మీద తయారైన ప్రతిరక్షకాలు దానితో కలిసి మూత్రపిండంలోని జల్లెడలో చిక్కుకోవడం వల్ల అక్కడ వాపు వస్తుంది. పొద్దున లేచేసరికి పిల్లవాడి ముఖం, కనురెప్పలు ఉబ్బి ఉండటం, మూత్రం నల్ల టీ రంగులోకి మారడం, పరిమాణం తగ్గడం దీని గుర్తులు. రక్తపోటు ప్రమాదకరంగా పెరగవచ్చు. ఎక్కువ మంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు, అయితే ఆ రోజే దవాఖానకు చేరాలి. పుండు అప్పటికే మానిపోయి ఉండటంతో, నెల కిందటి గజ్జికీ నేటి ముఖం వాపుకూ సంబంధం ఉందని ఇంట్లో ఎవరికీ తోచదు. డాక్టరుకు ఆ మాట చెబితే రోగనిర్ధారణ సులువవుతుంది.

చీటీ మీద ఒక్క పేరు

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలవడంతో చర్మవైద్యం హైదరాబాద్ దాకా పోకుండానే అందే అవకాశం పెరిగింది. గజ్జి విషయంలో మాత్రం నిపుణుల సంఖ్య కంటే మందు లెక్కే అడ్డం వస్తుంది. ఓపీ చీటీ మీద ఒక్క పేరే ఉంటుంది, ఫార్మసీలో ఆ పేరుకు ఒక ట్యూబు ఇస్తారు. పెద్దవారికి ఒకసారి ఒళ్లంతా పూయడానికి సుమారు 30 గ్రాముల క్రీము కావాలి. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలున్న ఇంటికి వారం ఎడంతో రెండు రాత్రులంటే ఒక ట్యూబు ఏ మూలకూ రాదు. మిగతాది బయట కొనాలి, కొనలేనివారు ఉన్నదాన్ని దురద ఉన్న చోటికే సర్దుతారు.

హాస్టలు విషయంలో లెక్క ఇంకా తేలిక, ఎందుకంటే పడకల సంఖ్య ముందే తెలుసు. సెలవుల తర్వాత తెరిచిన వారంలో అందరికీ ఒకే రాత్రి చికిత్స, వారం తర్వాత రెండో విడత, ఆరో వారంలో ఒకసారి చేతుల వేళ్ల సందులు చూడటం, ఇంటికి పంపే చీటీలో తల్లిదండ్రులకు సూచన, ఇవి కలిస్తే వలయం తెగే అవకాశం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 2019లో జరిగిన నిపుణుల సంప్రదింపుల్లో, గజ్జి 10 శాతం దాటిన సమూహాల్లో అందరికీ మందు ఇవ్వడం పరిశీలించవచ్చని సూచన వచ్చింది. అంటే వంద మంది ఉన్న హాస్టల్లో పది మందికి మించి కనబడితే, మిగతావారందరికీ కూడా మందు తెప్పించే ఆలోచన చేయవలసి ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి వెళ్లే ఇండెంటు (కావలసిన మందుల జాబితా) దురద చెప్పినవారి సంఖ్యను బట్టి కాకుండా, వారితో కలిసి పడుకునేవారి సంఖ్యను బట్టి తయారు కావాలి.